మేడ మీది కౌజు పిల్లలు: తూకం, రెట్ట, మందు

నవంబరు మొదటి వారం

"కౌజులకు జబ్బులు రావు సార్, వాటి మానాన అవే పెరుగుతాయి" అని పిల్లలను అమ్మిన ఆయన భరోసా ఇచ్చాడు. అమ్మేవాళ్లు ఇంకేం చెబుతారు! ఆ మాటలో సగం నిజం లేకపోలేదు. పెరిగిన కౌజు మొండి పిట్టే. మొదటి మూడు వారాల పిల్ల సంగతి వేరు. పొద్దున్న చలాకీగా పరుగెత్తినది సాయంత్రానికి కాళ్లు చాచేస్తుంది. ఈ లోపల ఏమేం కనిపెట్టాలి, ఏది జబ్బు, ఏది కాదు, మందు ఎప్పుడు వేయాలి అన్నవి ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుందామని ఈ డైరీ మొదలుపెట్టాను.

మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు. మేడ మీద రేకుల గది ఒకటి ఖాళీగా పడి ఉంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పోరు పడలేక నలభై పిల్లలను తెచ్చాం. గుడ్ల కోసం కాదు, కూరకు అంతకన్నా కాదు, పెంచుకోవడానికే. నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్ర ప్రయోగశాల చూసుకుంటాను. అందుకని ఇంట్లో ఒక పాత సూక్ష్మదర్శిని, గాజు పలకలు ఉన్నాయి. అవి ఈ పనిలో ఎంత అక్కరకు వచ్చాయో ముందు ముందు వస్తుంది.

ఇవి జపాన్ కౌజులు. 1974లో కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చిన జాతి. మన పొలాల్లో తిరిగే అడవి కౌజు వేరు. దాన్ని వల వేసి పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సంతలో బుట్ట కప్పి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ కొనకండి, చవకగా ఇచ్చినా సరే.

పెట్టె నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒక చివర బల్బు, దానికి వేడిని ఒకే స్థాయిలో నిలిపే థర్మోస్టాట్. రెండో చివర బల్బు లేదు, వేడి ఎక్కువైతే పిల్లలు అటు వెళ్లడానికి. మొదటి వారం బల్బు కింద 35 నుంచి 37 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరును గోడకు కాకుండా పిల్ల వీపు ఎత్తులో కట్టాను, ఎందుకంటే పైన చూపే అంకెకూ కింద ఉన్న వేడికీ చాలా తేడా ఉంటుంది. అయినా అంకె కంటే పిల్లలు పడుకున్న తీరునే నమ్ముతాను. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడుకుంటే చలి. నోళ్లు తెరిచి అవతలి గోడకు అంటుకుంటే ఉక్క. అన్నీ ఒకే మూలకు చేరితే ఎక్కడో సందులోంచి గాలి కొడుతోంది. పెట్టె అంతటా విడివిడిగా కాళ్లు చాపుకుని నిద్రపోతే ఇక ఏమీ ముట్టుకోనక్కరలేదు.

అడుగున గోనె పట్ట. చాలామంది పత్రికల కాగితం వేస్తారు. ఎనిమిది గ్రాముల పిల్లకు అది జారుడు బండే. కాళ్లు రెండూ రెండు పక్కలకు పరుచుకుపోతాయి, దాన్ని జబ్బనుకుని విటమిను చుక్కలు పోస్తారు. నీళ్ల పళ్లెంలో గోలీలు నింపాను. కౌజు పిల్ల వేలెడు లోతు నీళ్లలో కూడా మునిగి చస్తుంది. బతికి బయటపడ్డా ఒళ్లు తడిసి, చలికి పోతుంది.

దాణా విషయంలో మా ఊళ్లో ఇబ్బందే. కౌజు పిల్లకు మాంసకృత్తులు 24 నుంచి 27 శాతం కావాలి. దాని కోసమే చేసిన దాణా దుకాణాల్లో దొరకక, బ్రాయిలర్ కోడిపిల్లలకు మొదట వేసే దాణా తెచ్చి మిక్సీలో మెత్తగా తిప్పి వేస్తున్నాం. ఉడికించిన గుడ్డు చిదిమి కలుపుతున్నాం. కొనేటప్పుడు సంచి మీద చీటీ చదవాలి. పేగులో పరాన్నజీవి చేరి వచ్చే కాక్సీడియోసిస్ అనే జబ్బు రాకుండా కొన్ని దాణాల్లో ముందే మందు కలుపుతారు. ఏ మందు కలిపారో రాసి పెట్టుకుంటే, తర్వాత డాక్టరు అడిగినప్పుడు తెల్లమొహం వేయనక్కరలేదు.

అన్నిటికంటే పనికొచ్చిన వస్తువు బంగారం తూచే చిన్న కాటా. గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. అమ్మాయి తన గోళ్ల రంగు తెచ్చి పది పిల్లల కాలిగోళ్లకు తలో రంగు వేసింది. ఆ పదింటినీ రోజూ సాయంత్రం ఒకే వేళకు తూస్తుంది, అంకెలు నేను రాస్తాను.

అదే వారం, చివరి రోజులు

పోయినవి రెండు. రెండూ తెచ్చిన మర్నాటికే పోయాయి, ప్రయాణం బడలికే కారణం కావచ్చు. మిగతావాటిలో జబ్బులా కనిపించి జబ్బు కానివి కొన్ని రాస్తాను, కొత్తవాళ్లు ఎక్కువ కంగారు పడేది వీటికే.

నాలుగు పిల్లలకు రెట్ట దారి దగ్గర రెట్ట ఎండి బిరడాలా బిగుసుకుంది. అలా వదిలేస్తే లోపల నిండిపోయి పిల్ల చనిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో నానబెట్టి నానబెట్టి తీశాను. పొడిగా ఉన్నదాన్ని లాగితే లేత చర్మం ఊడివస్తుంది. తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టెలోకి వదలాలి. దీనికి మందు లేదు, అక్కరలేదు. వేడి సరిపోనప్పుడు, దారిలో నీళ్లందక వాడిపోయినప్పుడు ఇలా అవుతుంది. బల్బును ఒక అంగుళం దించాక కొత్తగా ఎవరికీ రాలేదు.

ఒక పిల్లకు కాళ్లు పరుచుకుపోయాయి. గుడ్డులోంచి వచ్చిన పళ్లెం నున్నగా ఉండి ఉంటుంది. సన్నని కాగితపు టేపుతో రెండు కాళ్లనూ మామూలుగా నిలబడే వెడల్పులో కలిపి కట్టాం. ఎముక లేతగా ఉన్న మొదటి రోజుల్లోనే ఇది పనిచేస్తుంది, వారం దాటితే ఆశ పెట్టుకోవద్దు. మాది లేచి నడిచింది.

ఇంకొకటి, రెట్ట రంగు. కౌజు రెట్ట మామూలుగా ముదురు గోధుమ రంగులో గట్టిగా, ఒక పక్క తెల్ల మచ్చతో ఉంటుంది. అప్పుడప్పుడు మాత్రం ఆవపిండి రంగులో, నురుగుతో, జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో ఒకటి వేస్తుంది. అది పారుడు కాదు. పేగు చివర ఉండే గుడ్డి పేగులు ఖాళీ అయినప్పుడు వచ్చే రెట్ట, ఆరోగ్యానికి గుర్తు. అమ్మాయి మొదటిసారి చూసి "నాన్నా, దీనికి విరేచనాలు" అని పరుగెత్తుకొచ్చింది. ఎన్నింటికి ఒకటి అలా ఉందో లెక్కపెట్టమన్నాను. మధ్య మధ్య ఒకటి ఉంటే సరే. వరసగా అన్నీ పలచగా ఉంటే అప్పుడు చూడాలి.

వారం ముగిసేసరికి గోళ్ల రంగు పిల్లల సగటు తూకం 25 గ్రాములు. ఎనిమిదికి మూడు రెట్లు. ఇంత వేగంగా పెరిగే ప్రాణిలో ఒక్కరోజు పెరుగుదల ఆగినా కాటా పట్టేస్తుంది.

నవంబరు రెండో వారం: వాన

బంగాళాఖాతంలో అల్పపీడనం. శేషాచలం కొండలు మబ్బులో కనిపించకుండా పోయాయి. ఈశాన్య రుతుపవనాలు మా జిల్లాకు కొత్త కాదు, కాకపోతే కౌజు పిల్లలతో వీటిని గడపడం కొత్త. రేకుల గదికి కిటికీలు మూయక తప్పలేదు. మూశాక గాలి ఆడలేదు. గోనె పట్ట తీసి ఊక పోసిన రోజే ముసురు పట్టింది. పిడికిట పట్టి నొక్కితే ఊక ముద్దకట్టి, చెయ్యి తెరిచాక కూడా విడిపోలేదు. ఊక ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు: విడిపోతే పొడి, ముద్దగా నిలిస్తే మార్చాలి.

మూడు పిల్లలకు కళ్లలో సన్నని నురుగు కనిపించింది. ముక్కు కారడం లేదు, మొహం వాయలేదు. మోకాళ్ల మీద వంగి నా మొహాన్ని పెట్టెలో పిల్లల ఎత్తుకు దించి చూశాను. నా కళ్లే మండాయి. నిలబడి ఉన్నప్పుడు తెలియని అమోనియా వాసన అడుగున పట్టి ఉంది. మనకు అర నిమిషం మంట, వాటికి రోజంతా. ఊక మొత్తం ఎత్తేసి, వేరుశనగ పొట్టు ఎండినది తెచ్చి పోశాం, పైన ఒక కిటికీ రెక్క తెరిచాం. ఉప్పు చిటికెడు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో కళ్లు తుడిస్తే మరునాటికి తేటపడ్డాయి.

కంటి బాధ అన్నిసార్లూ ఇంత తేలికగా పోదు. కంటి కింద బుగ్గ ఉబ్బి, ముక్కు రంధ్రాల్లో జిగట, తుమ్ములు, దుర్వాసన ఉంటే మైకోప్లాస్మా లేదా కోరైజా అనే అంటురోగం కావచ్చు. వాటికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కావాలి. బాగయ్యాక కూడా మైకోప్లాస్మా పిట్టలో దాగి ఉండి మరో పిట్టకు అంటిస్తుంది, అందుకని దాన్ని మళ్లీ గుంపులో కలపడానికి తొందరపడకూడదు.

పొట్టు గురించి ఒక మాట. మా వైపు వేరుశనగకు కొదవ లేదు, పొట్టు ఊరికే ఇస్తారు. ఊరికే ఇచ్చారని బూజు పట్టినది తెచ్చారో, ఆస్పర్జిల్లస్ అనే బూజు గింజలు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరతాయి. శబ్దం లేకుండా నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి కోసం తన్నుకుంటాయి. ఆ దశకు వస్తే మందులు దాదాపు పనిచేయవు. సంచి తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన, పాత పుస్తకాల వాసన వచ్చిందా, తిప్పి ఇచ్చేయండి. దాణాలో మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఉంటాయి కాబట్టి వానాకాలం దాణా సంచికీ ఇదే వర్తిస్తుంది. బూజు విడిచే అఫ్లటాక్సిన్ విషం దాణాను వేయించినా, ఎండబెట్టినా పోదు.

రెండో వారం చివర: కాటా ఆగింది

సగటు తూకం 50 గ్రాములు దాటాక ఒకరోజు ముందుకు కదల్లేదు. పదింటిలో నాలుగింటికి ఒక గ్రాము తగ్గింది కూడా. పెట్టెలో చూస్తే అన్నీ తిరుగుతున్నాయి, ముక్కులతో దాణా చిమ్ముతున్నాయి. ఏ జబ్బూ లేదనే అనిపిస్తుంది. కౌజు పిల్ల అలాగే ఉంటుంది. బలహీనంగా కనిపించినది గద్ద పాలవుతుందన్న భయం దాని రక్తంలోనే ఉంది, చివరిదాకా నటిస్తుంది. మనిషి దగ్గరికి రాగానే నిటారుగా నిలబడుతుంది. అందుకే దూరంగా, కదలకుండా పావుగంట కూర్చుని చూడాలి.

మాకంటే ముందు చూసింది పక్కింటి అవ్వ. పాకాల దగ్గర పల్లెలో జీవితమంతా నాటుకోళ్లు పెంచిన మనిషి. ఒత్తులు చేసుకుంటూ మా గది గుమ్మంలో కూర్చుని, "ఆ మూల ఉండేదాన్ని చూడు నాయనా, రెక్కలు కిందికి దించింది. తినేదాని మాదిరి ముక్కు పెడుతుంది గానీ మింగడం లేదు" అంది.

చేతిలోకి తీసుకుని చూశాను. ఈకలు ఉబ్బించుకున్నందువల్ల గుండ్రంగా కనిపిస్తోంది గానీ వేలు పెడితే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. రెండు పక్కలా ఉండాల్సిన కండ కరిగిపోయింది. కళ్లు సగం మూసి ఉన్నాయి. రెట్ట దారి చుట్టూ తడి. మెడ మొదట్లో ఉండే దాణా సంచి ఖాళీ. బతికున్న పిట్టలో జబ్బు వెతకాలంటే ఈ రొమ్ము ఎముకే మొదటి చోటు. ఈకలు మోసం చేస్తాయి, అది చేయదు.

అవ్వ పసుపు, వెల్లుల్లి నూరి పోయమంది. వేపాకు నీళ్లు పట్టమంది. వీటితో హాని లేదని వాటికి సరేనన్నాను, కానీ పేగు గోడలో దూరిన జబ్బును పసుపు కడిగేయలేదు. ఆవిడ చూపును నమ్మాను, వైద్యాన్ని కాదు. మందుల దుకాణంలో అడిగితే ఆయన చేతికందిన యాంటీబయాటిక్ సీసా తీసి "అన్నిటికీ ఇదే సార్" అన్నాడు. అన్నిటికీ పనిచేసే మందు లేదు. పేరు తెలియని జబ్బుకు యాంటీబయాటిక్ పోస్తే, ఉన్న జబ్బు ఉండగానే పేగులోని మంచి సూక్ష్మజీవులు చస్తాయి. కోళ్ల దాణాల్లోనూ మందుల్లోనూ విచ్చలవిడిగా వాడిన కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మనుషుల వైద్యానికి మిగిలించడం కోసం ప్రభుత్వం 2019లో పశువులకు నిషేధించింది. ఆ దారిలో మేడ మీది గది కూడా ఒక మెట్టు కాకూడదు. సీసా తీసుకోకుండా వచ్చేశాను.

ఆ రాత్రి

ఉన్న పనిముట్లు చాలు. నీళ్లు వేడి చేసి, ఇక కరగదు అన్నంత వరకు కల్లుప్పు కలిపి చల్లార్చాను. రెండు గ్రాముల తాజా రెట్టను, అదీ ఒక పిల్లది కాదు, పెట్టెలో అక్కడక్కడా తీసినది, ఆ ఉప్పునీళ్లలో చిదిమి టీ వడకట్టుతో వడగట్టాను. పరీక్షనాళికలో అంచు మీదికి కాస్త ఉబ్బేదాకా పోసి, పైన పలుచని గాజుబిళ్ల పెట్టి పావుగంట వదిలేశాను. ఉప్పునీళ్లు బరువు, పరాన్నజీవి గుడ్లు తేలిక. తేలి వచ్చి బిళ్లకు అంటుకుంటాయి. బిళ్లను నిలువుగా పైకి లేపి పలక మీద పెట్టి చూడడమే.

మొదట కనిపించేవి గాలి బుడగలు. నల్లని మందపాటి అంచుతో గుండ్రంగా ఉంటాయి, వాటికి మోసపోకూడదు. కాంతి తగ్గించి, కటకం మార్చి అమ్మాయిని పిలిచాను. రెండు పొరల గోడ, కోలగా ఉన్న ఆకారం, లోపల మధ్యలో గింజలు గింజలుగా ఉన్న ఒక ఉండ. మిల్లీమీటరులో యాభయ్యో వంతు పొడవు ఉంటుంది. ఒకటి కాదు, చూపు కదిపిన ప్రతిచోటా రెండు మూడు. ఐమీరియా. కాక్సీడియోసిస్ కలిగించే ఏకకణ పరాన్నజీవి.

రెట్టలో వచ్చిన ఈ గుడ్డు వెంటనే అంటదు. వెచ్చదనం, తేమ, గాలి మూడూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో లోపలి ఉండ నాలుగుగా విడిపోయి, అప్పుడు అంటించే శక్తి వస్తుంది. బల్బు వెచ్చదనం మేమే ఇచ్చాం, తేమను వాన ఇచ్చింది. కొంచెం రెట్టను పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో ఉంచి మర్నాడు సాయంత్రం చూస్తే నిజంగానే నాలుగు గదులూ ఏర్పడి ఉన్నాయి. రెట్టను ఏ రోజుకా రోజు ఎత్తేయమని ఎందుకంటారో అమ్మాయికి చెప్పే పని తప్పింది.

ఇక్కడొక ఊరట. పక్కింటి అవ్వ కోళ్లనుంచి వచ్చిందేమోనని మా ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఐమీరియా జాతులు ఏ పక్షికి ఆ పక్షివే, కోడిది కౌజుకు అంటదు. పిల్లలతో పాటు ఆ రవాణా డబ్బాలోనే వచ్చి ఉంటుంది. అలాగని కోళ్లనూ కౌజులనూ కలిపి పెంచవచ్చని కాదు. కోరైజా, మైకోప్లాస్మా, కొక్కెర తెగులు కోడి నుంచి కౌజుకు వస్తాయి.

మూడో వారం: పశువైద్య కళాశాల

తెల్లవారేసరికి రెక్కలు దించినది పోయింది. గుడ్డలో కాకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మంచుముక్కల మధ్య ఉంచి తీసుకెళ్లాను. గడ్డకట్టించే అరలో పెట్టకూడదు, కణజాలం చెదిరిపోయి కోసి చూసినా ఏమీ తెలియదు. ఈ విషయంలో తిరుపతివాళ్లం అదృష్టవంతులం. 1955 నుంచి పశువైద్య కళాశాల ఊళ్లోనే ఉంది, 2005లో అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. కుక్కలు, ఆవులు వరసలో నిలబడ్డ చోట అరచేతిలో కౌజును పట్టుకుని నిలబడితే నలుగురూ వింతగా చూస్తారు, చూడనివ్వండి.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు. "ఒక్కసారిగా ఎన్ని పోయాయి? మీ చుట్టుపక్కల కాకులు, కోళ్లు చస్తున్నాయా?" అని. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది, కౌజులకు అది తేలికగా సోకుతుంది. ఉన్నట్టుండి గుంపుగా చనిపోతే కళేబరాన్ని ఇంట్లో కోయడం, చేత్తో తాకడం, ఊరు దాటించడం ఏవీ చేయకూడదు. పశుసంవర్ధక శాఖకు వెంటనే చెప్పాలి. మాది ఒక్కటే, అదీ నెమ్మదిగా చిక్కి పోయింది.

కోసి చూపించారు. పేగు పైభాగం గాలి నింపినట్టు ఉబ్బి, పలచబడి, లోపల నీళ్లు, నారింజ రంగు జిగట. రక్తం లేదు. కోళ్ల కాక్సీడియోసిస్ చూసినవాళ్లు రక్తపు రెట్ట కోసం ఎదురుచూస్తారు. కౌజుల్లో అది కనిపించి తీరాలని లేదు, పలచని రెట్టతో చిక్కిపోవడమే ఎక్కువ. డాక్టరమ్మ ముఖ్యంగా వెతికింది పుండ్ల కోసం. క్లాస్ట్రిడియం కొలైనమ్ అనే బాక్టీరియా వల్ల కౌజులకు పేగు పుండ్ల జబ్బు వస్తుంది. ఆ జబ్బు కౌజులదే అన్నంతగా వాటికి పట్టుకుంది. తెల్లగా నీళ్లలాంటి రెట్ట, పేగులో బొత్తాల్లాంటి పుండ్లు, కాలేయం మీద పసుపు మచ్చలు. బయటి నుంచి చూస్తే రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. మందు మాత్రం పూర్తిగా వేరు: దానికి యాంటీబయాటిక్, దీనికి కాదు. పైగా కాక్సీడియోసిస్‌తో పేగు చెడితే ఆ రెండోది దాని వెనకే వచ్చి చేరుతుంది. మా దానికి పుండ్లు లేవు, కాలేయం శుభ్రంగా ఉంది. నేను తీసుకెళ్లిన పలకను కూడా చూసి, "బాగా తేల్చారే" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట రెండుసార్లు చెప్పుకున్నాను.

మందు ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 0.6 గ్రాములు, ఐదు రోజులు. తర్వాత వారం పాటు అందులో సగం, అంటే 0.3 గ్రాములు. ఇది మా పిల్లలకు, మా పొడికి రాసినది. పొట్లం మీద శాతం వేరైతే తూకం కూడా మారుతుంది, మీ డాక్టరును అడగండి. చెంచాతో కొలవవద్దు, కాటా వాడండి. దాణాలో ముందే ఇలాంటి మందు ఉందా అని అడిగారు, చీటీ చూపించాను, లేదు.

మందును దాణాలో కాకుండా నీళ్లలో ఇవ్వడానికి కారణం ఉంది. జబ్బు పిల్ల తిండి మానేసినా నీళ్లు తాగుతుంది. మందునీళ్లు తప్ప పెట్టెలో వేరే నీళ్లు ఉండకూడదు, పండ్ల ముక్కలు, ఆకులు కూడా వద్దు. రోజూ పొద్దున్నే పారబోసి కొత్తగా కలపాలి.

ఇక్కడ ఒక కిటుకు. ఆంప్రోలియం బి1 విటమినులా వేషం వేసి పరాన్నజీవిని ఆకలితో చంపుతుంది. అదే సమయంలో "బలానికి" అని బి కాంప్లెక్స్ పోస్తే పరాన్నజీవికి అసలైన భోజనం దొరుకుతుంది, మందు వృథా. విటమిన్లు మందు ముగిశాకే.

మూడో వారం, కొనసాగింపు

నీరసంగా ఉన్న ఐదింటిని వేరే అట్టపెట్టెలో పెట్టి 34 డిగ్రీల దగ్గర ఉంచాం. జబ్బు పిల్ల తన ఒంటి వేడిని కూడా నిలుపుకోలేదు, వేడి అందకపోతే మందు లోపలికి వెళ్లినా లాభం లేదు. తాగలేని వాటికి ముక్కు కొనను మందునీళ్లలో ముంచి వదిలేయడం, లేదా ముక్కు పక్కన ఒక చుక్క ఆనించి అదే మింగేదాకా ఆగడం. సిరంజితో నోట్లోకి చిమ్మకూడదు. ఊపిరి గొట్టం నాలుక మొదట్లోనే ఉంటుంది, చుక్క తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమ్మాయి చెయ్యి నా చెయ్యి కంటే నిలకడ, ఆ పని ఆమెదే. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగడం, పిల్లను ముద్దు పెట్టుకోకపోవడం అన్న రెండు షరతులకు ఒప్పుకుంది. మనుషులకు కూడా అంటే సాల్మోనెల్లా అనే బాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే పిట్టలో కూడా ఉంటుంది.

ఇద్దరం ఎక్కువ శ్రమపడింది మందు మీద కాదు, పెట్టె మీద. ఈ పరాన్నజీవి గుడ్డుకు ఫినాయిల్ అన్నా, బ్లీచింగ్ అన్నా లెక్కలేదు. సలసల కాగే నీళ్లకూ, ఎండకూ, పూర్తిగా ఆరిపోవడానికీ లొంగుతుంది. ముసురులో ఎండ ఎక్కడ తెస్తాం? కాగే నీళ్లు పోసి, ఫ్యాను కింద ఆరబెట్టి, అడుగున పొట్టుకు బదులు సన్న కన్నుల ఇనుప జాలీ వేశాం. కన్ను పావు అంగుళం దాటితే పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి. రెట్ట కింది పళ్లెంలో పడుతుంది, పళ్లెం రోజూ కడుగుతాం. పిల్లకూ రెట్టకూ మధ్య ఈ అంగుళం ఎడం ఒక్కటే సగం వైద్యం.

మందు మొదలైన మూడో రోజుకు రెట్ట గట్టిపడింది. నాలుగో రోజు కాటా కదిలింది. వేరు చేసిన ఐదింటిలో ఒకటి పోయింది, నాలుగు తిన్నాయి.

డిసెంబరు మొదటి వారం

మందు పూర్తి కావొస్తుండగా ఒక పిల్ల మెడ వెనక్కి వంచి ఆకాశం చూడడం మొదలుపెట్టింది. నడవబోతే వెనక్కి పడుతుంది. ఇది బి1 లోపంలో కనిపిస్తుంది, ఆంప్రోలియం ఎక్కువైనా రావచ్చు. విటమిన్ ఇ లోపంలోనూ, కొక్కెర తెగులులోనూ మెడ తిరుగుతుంది. గుంపులో మరెవరికీ లేదు, ఊపిరి ఆయాసం లేదు కాబట్టి తెగులు కాదని డాక్టరమ్మ ఫోనులో విని అంచనా వేసి, ఆ ఒక్కదానికి మందునీళ్లు ఆపి బి1 చుక్కలు పెట్టమన్నారు. దాన్ని పడిపోకుండా చుట్టిన తువ్వాలు మధ్య కూర్చోబెట్టి, దాణా తడిపి ముక్కుకు అందించాం. మెడ నిటారుకు వచ్చింది. ఎవరైనా చప్పుడు చేస్తే మాత్రం ఇంకా కొంచెం పక్కకు వాలుతుంది.

కాలివేళ్లకు రెట్ట ఉండలు కట్టడం జాలీ వేశాక ఆగిపోయింది. అంతకు ముందు కట్టిన వాటిని వేడినీళ్లలో నానబెట్టి వలిచాం. గోటితో లాగితే వేలి కొసే ఊడుతుంది.

మందు నీళ్లు ఆపిన మర్నాటి నుంచి అన్నిటికీ బి కాంప్లెక్స్ ఇస్తున్నాం. నాలుగో వారం ముగింపు తూకం సగటున 118 గ్రాములు. జబ్బు పడకుండా ఉంటే ఇంకో పది గ్రాములు ఉండేవి. రొమ్ము ఈకలు ఎర్రమట్టి రంగుకు తిరిగినవి పోతులు, నల్లచుక్కలు ఉన్నవి పెట్టలు, ఇప్పుడు దూరం నుంచే తెలుస్తోంది. ఈకలు నిండుగా వచ్చాయి కాబట్టి పగటిపూట బల్బు తీసేశాం. డిసెంబరు రాత్రులకు మాత్రం థర్మోస్టాట్ 24 దగ్గర పెట్టి ఉంచాను.

నిన్న మళ్లీ ఉప్పునీళ్ల పరీక్ష చేశాను. పలక మొత్తం వెతికితే ఐదారు ఐమీరియా గుడ్లు కనిపించాయి. మళ్లీ మందా అని అడిగితే డాక్టరమ్మ వద్దన్నారు. తూకం పెరుగుతూ, రెట్ట గట్టిగా ఉన్నంతవరకు ఆ కొద్దిపాటి పరాన్నజీవులే పిట్టకు రోగనిరోధక శక్తి నేర్పుతాయట. ఆ మెడ వాలే పిల్లను, తూకంలో వెనకబడ్డ మరో మూడింటిని ఇంకో పదిహేను రోజులు విడిగానే ఉంచుతాం. పెద్ద పంజరానికి జాలీ, రెట్ట పళ్లెం, గాలీవానకు దించుకునే పట్టా కొనాలి. జాలీ కొలతలు అమ్మాయి దగ్గర ఉన్నాయి.